క్యూ చేతిలో ఉంది, యు లేదు

ఇంగ్లిషు మాటలు కూర్చే స్క్రాబుల్ ఆట ముగింపుకొచ్చింది. సంచి ఖాళీ. స్టాండు మీద మిగిలినవి మూడే బిళ్లలు: క్యూ, వి, ఎ. ఆటలో ఉండే నాలుగు యు అక్షరాలూ ఎప్పుడో బోర్డెక్కేశాయి. క్యూ పక్కన యు ఉండి తీరాలని బళ్లో నేర్చుకున్న మనిషి ఆ బిళ్లను అటు తిప్పి ఇటు తిప్పి చివరికి వదిలేస్తాడు. ఎదుటివారు తమ బిళ్లలన్నీ పెట్టేసి ఆట ముగిస్తే, మిగిలిన క్యూ విలువ పది పాయింట్లు ఇతని మొత్తంలోంచి పోతాయి, వాళ్ల మొత్తంలో చేరతాయి. ఒక్క బిళ్లకు ఇరవై పాయింట్ల తేడా. ఇంతా చేస్తే బోర్డు మీద ఒక మూల ఐ అక్షరం ఉంది, దాని పక్క గడి ఖాళీగానే ఉంది. క్యూ-ఐ అనే మాట ఒకటుందని తెలిస్తే ఆ ఆట అలా ముగిసేది కాదు.

క్యూ-ఐని 'చీ' అని పలుకుతారు. చైనావారి లెక్కలో ఒంట్లో ప్రవహించే ప్రాణశక్తి అది. చీగాంగ్ అనే శ్వాస వ్యాయామం పేరులో ఉన్నది ఈ చీనే. అమెరికా, కెనడాల పోటీల్లో ఈ మాటను 2006 నుంచి ఒప్పుకుంటున్నారు.

స్క్రాబుల్‌ను రూపొందించిన ఆల్ఫ్రెడ్ మోషర్ బట్స్ అమెరికాలో ఆర్కిటెక్టు. 1930ల ఆర్థిక మాంద్యంలో పని పోయింది. ఆ ఖాళీ రోజుల్లో న్యూయార్క్ టైమ్స్ పేజీలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో ఓపికగా లెక్కపెట్టాడు. ఆ లెక్క మీదే ఆట ఇప్పటికీ నిలబడి ఉంది. మొత్తం వంద బిళ్లల్లో ఇ పన్నెండు. ఎ, ఐ తొమ్మిదేసి. క్యూ, జెడ్, జె, ఎక్స్, కె ఒక్కొక్కటే. ఎస్‌లు నాలుగే పెట్టాడు, బహువచనాలు చేర్చుకుంటూ పోయి ఆటను తేలిక చేసుకోకూడదని. 1948లో జేమ్స్ బ్రూనో దీన్ని 'స్క్రాబుల్' పేరుతో అమ్మకానికి తెచ్చాడు.

కొత్తగా ఆడేవారి చూపంతా పొడవాటి మాటల మీదే ఉంటుంది. అది సహజమే. ఏడు బిళ్లలూ ఒకేసారి పెడితే యాభై పాయింట్లు అదనంగా వస్తాయి కదా! కానీ ఆ పొడవాటి మాటను బోర్డు మీద ఆనించడానికి చోటు కావాలి. ఆ చోటు ఇచ్చేవి రెండక్షరాల మాటలు. ఒక మాట పక్కనే మరో మాటను సమాంతరంగా పెట్టినప్పుడు, తాకిన ప్రతి జతా చెల్లే మాట కావాలి. ఇల్లు కట్టేటప్పుడు పెద్ద దూలాలను కలిపి పట్టే చీలల పని ఇవి చేస్తాయి.

ఒక లెక్క చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. అడ్డంగా టి-ఎ-ఎక్స్-ఐ అనే మాట ఉందనుకుందాం. చివరి ఐకి సరిగ్గా పైనున్న గడి అక్షరం విలువను మూడింతలు చేసేది. అక్కడ క్యూ పెట్టి, దాని కుడిపక్క చేతిలోని ఐ పెడితే, అడ్డంగా ఒక క్యూ-ఐ, నిలువుగా మరో క్యూ-ఐ తయారవుతాయి. క్యూ విలువ పది, మూడింతలైతే ముప్పై. రెండు వైపులా లెక్కకొస్తుంది కాబట్టి ముప్పై ఒకటీ ముప్పై ఒకటీ, మొత్తం అరవై రెండు. ఖర్చయినవి రెండే బిళ్లలు. ఏడు బిళ్లలూ పెట్టిన మాటకు కూడా ఒక్కోసారి ఇంత రాదు.

భారతదేశంలో పోటీలకు ప్రామాణికం కాలిన్స్ పదపట్టిక. అందులో సుమారు 2 లక్షల 80 వేల మాటలున్నాయి. ఆ సంఖ్య వినగానే గుండె జారిపోతుంది. కానీ రెండక్షరాలవి అందులో నూట పాతిక పైచిలుకే. రోజుకు ఐదు చొప్పున నేర్చుకుంటే నెల తిరక్కుండానే అన్నీ వచ్చేస్తాయి. ఆట నేర్చుకునేవారు పెట్టే శ్రమలో దీనంత ఫలితమిచ్చే శ్రమ మరొకటి లేదు.

ఇక్కడ ఒక నిజమైన సందేహం ఉంది. అర్థం తెలియడం అవసరమా? న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్‌ను చూస్తే అవసరం లేదనిపిస్తుంది. 2007లో ముంబైలో జరిగిన ప్రపంచ పోటీలో గెలిచిన ఆయన, తర్వాత మరో నాలుగు సార్లు అదే కిరీటం అందుకున్నారు. 2015లో ఫ్రెంచ్ భాష మాట్లాడటం రాకుండానే, దాని నిఘంటువును సుమారు తొమ్మిది వారాల్లో తలకెక్కించుకుని ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ విజేత అయ్యారు. 2024లో స్పానిష్‌లోనూ అదే చేశారు. ఇంగ్లిషు రోజువారీ భాష కాని థాయ్‌లాండ్ నుంచి 2003లో, 2009లో ప్రపంచ విజేతలు వచ్చారు. అక్షరాల వరుసను బొమ్మలా చూసి గుర్తుపెట్టుకునే శక్తి అది.

అయితే ఆ శక్తి అందరికీ ఉండదు. మామూలు మనిషి బుర్రలో మాట నిలవాలంటే దానికో కొక్కెం కావాలి. ఆ కొక్కెం అర్థం. అమెరికాలో జరిగే స్క్రిప్స్ జాతీయ స్పెల్లింగ్ బీ పోటీని గమనిస్తే ఇది తెలుస్తుంది. మైకు ముందు నిలబడిన పిల్లలు తెలియని మాట వినగానే మొదట అడిగేవి రెండు: దీని అర్థం ఏమిటి, ఇది ఏ భాష నుంచి వచ్చింది. 2024లో ఆ పోటీ గెలిచిన బృహత్ సోమ ఫ్లోరిడాలో పెరిగిన తెలుగింటి పిల్లవాడు. చివరి ఘట్టంలో 90 సెకన్లలో 29 మాటలు తప్పు లేకుండా చెప్పాడు. ఆ వేగం వెనక ఏళ్ల తరబడి మాటల పుట్టుక తవ్విన సాధన ఉంది. మాట ఎక్కడిదో తెలిస్తే దాని అక్షరాలు ఎందుకలా ఉన్నాయో తెలుస్తుంది. ఎందుకో తెలిసింది అంత సులువుగా మరుపురాదు.

తెలుగువారి విషయంలో ఇంకో మేలుంది. వింతగా కనిపించే ఈ చిన్న మాటల్లో చాలా భాగం వాళ్లకు ముందే తెలుసు. తెలుసన్న సంగతే తెలియదు.

ఇంటర్‌లో ఎంపీసీ చదివిన వారినే తీసుకుంటే, ఘర్షణ గుణకం మ్యూ, పౌనఃపున్యం న్యూ, సాంద్రత రో, స్నిగ్ధతా గుణకం ఈటా, అభివాహం ఫై వాళ్ల నోట్సులో పేజీ పేజీకీ కనబడతాయి. ఈ గ్రీకు అక్షరాల పేర్లన్నీ ఆటలో చెల్లుతాయి. మ్యూ అంటే ఎమ్-యు, న్యూ అంటే ఎన్-యు, పై అంటే పి-ఐ. రోను ఆర్-హెచ్-ఓ అని, ఫైని పి-హెచ్-ఐ అని, కైని సి-హెచ్-ఐ అని, సైని పి-ఎస్-ఐ అని రాస్తారు. ఎక్స్-ఐ కూడా గ్రీకు అక్షరమే. ఎనిమిది పాయింట్ల ఎక్స్‌ను ఒక్క ఐతో వదిలించుకునే మార్గం అది. ఎంసెట్ కోసం పడ్డ పాట్లు ఇక్కడ ఇంకోసారి పనికొస్తాయి.

సంగీతం నేర్చుకునేవారికి స రి గ మ ఉన్నట్టే పాశ్చాత్యులకు డో రే మీ ఫా సో లా టీ ఉన్నాయి. ఈ ఏడు స్వరాల పేర్లూ రెండక్షరాల మాటలే: డి-ఓ, ఆర్-ఇ, ఎమ్-ఐ, ఎఫ్-ఎ, ఎస్-ఓ, ఎల్-ఎ, టి-ఐ. డోకు పాత పేరైన యు-టి కూడా పట్టికలో ఉంది. ఒక్క పాటతో ఎనిమిది మాటలు చేతికొచ్చినట్టే.

ఇంకా తేలికైనవి ఇంగ్లిషు అక్షరాల పేర్లు. ఎమ్ అనే అక్షరం పేరును ఇ-ఎమ్ అని రాస్తారు, ఎన్‌ను ఇ-ఎన్ అని. అచ్చు పనిలో, డీటీపీలో కొలతలుగా ఈ రెండూ వాడుకలో ఉన్నాయి. ఇ-ఎల్, ఇ-ఎఫ్, ఇ-ఎస్, ఇ-ఎక్స్, ఎ-ఆర్ కూడా అంతే. ఇక వి దగ్గర జాగ్రత్త పడాలి. వి ఉన్న రెండక్షరాల మాట పట్టికలో ఒక్కటీ లేదు. టీవీ అని పెడదామన్నా చెల్లదు. వి చేతికొచ్చినప్పుడు మూడక్షరాల మాటల వైపు చూడటమే దారి. వి అక్షరం పేరు వి-ఇ-ఇ. రాతిలో స్ఫటికాలు పేరుకునే చిన్న గుహ వి-యు-జి, ఇది బ్రిటన్‌లోని కార్న్‌వాల్ గని కార్మికుల మాట. రెండు వి-లు ఒకేసారి వస్తే వి-ఎ-వి, హీబ్రూ అక్షరం.

మళ్లీ క్యూ సంగతి. యు లేని క్యూ మాటల్లో ఎక్కువ భాగం అరబ్బీ నుంచి వచ్చినవే. ఆ భాషలో 'ఖాఫ్' అనే అక్షరం ఉంది, గొంతు లోపలి నుంచి పలికేది. ఇంగ్లిషులో రాసేటప్పుడు దానికి క్యూ వాడారు, యు అవసరం రాలేదు. హైదరాబాదీ ఉర్దూలో ఆ ఖాఫ్ 'ఖ'గా పలుకుతుంది. అందుకే హైదరాబాద్‌లో పెరిగినవారికి ఈ పట్టిక చుట్టాల పేర్లు చదివినట్టుంటుంది. పెళ్లి చేయించే ఖాజీ క్యూ-ఎ-డి-ఐ. నాయకుడికి ఖాయద్ అనే మాట క్యూ-ఎ-ఐ-డి. అవే నాలుగు అక్షరాలు, వరుసే వేరు. ఫకీరు ఎఫ్-ఎ-క్యూ-ఐ-ఆర్. బుర్ఖా, నిఖాబ్, తలాఖ్, వక్ఫ్ అన్నిటిలోనూ క్యూ ఉంది, ఒక్కదానిలోనూ దాని వెనక యు లేదు. వక్ఫ్‌ను డబ్ల్యు-ఎ-క్యూ-ఎఫ్ అని రాస్తారు, నాలుగు బిళ్లలకే పంతొమ్మిది పాయింట్లు.

ఈ 'ఖ' సూత్రాన్ని కళ్లు మూసుకుని నమ్మకూడదు. ఖర్చు, ఖాళీ మాటల్లో ఉన్నది వేరే అరబ్బీ అక్షరం, దానికి క్యూ రాదు. ఖైదీలో ఖాఫ్ ఉన్నా, ఆ మాట పట్టికలో లేదు. సూత్రం గుర్తుపెట్టుకోవడానికి సాయం చేస్తుంది, చెల్లుతుందో లేదో చెప్పేది పట్టికే.

క్యూ-ఎ-ఎన్-ఎ-టి గురించి ఒక్క మాట. ఇరాన్‌లో కొండ పాదం నుంచి ఊరిదాకా నేల లోపల తవ్వే నీటి కాలువకు అది పేరు. అది ఎలా ఉంటుందో చూడాలంటే ఇరాన్ దాకా వెళ్లక్కర్లేదు. జహీరాబాద్ దాటితే వచ్చే బీదర్‌లో బహమనీ సుల్తానుల కాలం నాటి అలాంటి సొరంగ కాలువ ఉంది. అక్కడ దాన్ని కరేజ్ అంటారు. దాన్ని చూసినవారికి ఈ ఐదక్షరాల మాట ఇక జన్మలో మరుపురాదు. క్యూ-ఎ-టి మాత్రం యెమెన్‌లో, ఇథియోపియాలో బుగ్గన పెట్టుకుని నమిలే ఆకు. తాంబూలంలా అక్కడి మధ్యాహ్నపు కబుర్లకు తోడు, కాస్త మత్తు ఎక్కువ.

వంటింటి మాటలు ఇంకా దగ్గరివి. పప్పుకు డి-ఎ-ఎల్, డి-ఎ-ఎ-ఎల్, డి-హెచ్-ఎ-ఎల్, డి-ఎ-హెచ్-ఎల్ అన్న నాలుగు రూపాలూ కాలిన్స్‌లో చెల్లుతాయి. నెయ్యికి రెండు: జి-హెచ్-ఇ-ఇ, జి-హెచ్-ఐ. ఇడ్లీ ఉంది, దోసె ఉంది, చివర ఐ చేర్చిన దోసై కూడా ఉంది. రాగి, జొన్న (జొవార్), బెల్లం (జి-యు-ఆర్) ఉన్నాయి. సాంబారు చెల్లుతుందా అని అడిగితే, ఎస్-ఎ-ఎమ్-బి-ఎ-ఆర్ చెల్లుతుంది. కాకపోతే చాలాకాలంగా అది పట్టికలో ఉన్నది అడవిలో తిరిగే కణుజు పేరుగా! డబ్బు లెక్కల్లోంచి లక్ష, కోటి, అణా, పైసా ఉన్నాయి. చెట్లలో వేప, మారేడు, ఇప్ప ఉన్నాయి. మారేడు బి-ఎ-ఇ-ఎల్, ఇప్ప ఎమ్-ఓ-డబ్ల్యు-ఎ. పొడవైనదే అయినా చెప్పకుండా ఉండలేని మాట ఇంకొకటుంది. ఇంగ్లిషు నిఘంటువుల్లో ఉండే 'బ్యాండికూట్' పుట్టింది తెలుగు పందికొక్కు నుంచే. తర్వాత ఆస్ట్రేలియాలోని వేరే జంతువుకూ ఆ పేరు అంటింది.

ఇవన్నీ పోగా మిగిలేవి నిజంగా కొత్తవి. వాటికి కథే కొక్కెం కావాలి. ఎ-ఎ అంటే హవాయి దీవుల్లో గరుకుగా గడ్డకట్టిన లావా. దాని మీద వట్టి కాళ్లతో నడిస్తే నోటి వెంట వచ్చే కేక లాగే ఉంటుంది మాట. ఎ-ఐ అనగానే ఇప్పుడు అందరికీ కృత్రిమ మేధ తడుతుంది. కానీ పొడి అక్షరాల సంక్షిప్త రూపాలకు స్క్రాబుల్‌లో చోటు లేదు. ఇది చెల్లేది దక్షిణ అమెరికా అడవుల్లో చెట్టుకు వేలాడే మూడు వేళ్ల స్లాత్ పేరుగా. దాని అరుపు అలా వినిపిస్తుందని అక్కడి తుపి భాష మాట్లాడేవారు ఆ పేరు పెట్టారు. ఓ-ఇ ఫారో దీవుల దగ్గర లేచే సుడిగాలి. జె-ఓ స్కాట్లాండ్‌లో ప్రియమైన వ్యక్తిని పిలిచే మాట. కె-ఎ, బి-ఎ ప్రాచీన ఈజిప్టువారు నమ్మిన ఆత్మ రూపాలు. ఎక్స్-యు వియత్నాంలో ఒకప్పటి చిల్లర నాణెం, వంద కలిస్తే ఒక డాంగ్ అయ్యేది. జెడ్-ఓ ఆవుకూ జడల బర్రెకూ పుట్టిన సంకర పశువు. హిమాలయాల ఎత్తుల్లో దాన్ని పెంచుతారు. ఇది కాలిన్స్‌లో చెల్లుతుంది, అమెరికా పట్టికలో లేదు. అక్కడ జెడ్‌కు దిక్కు జెడ్-ఎ, పిజ్జాకు ముద్దు పేరు.

అచ్చులే రాని సమయాల్లో వేల్స్ దేశం ఆదుకుంటుంది. వెల్ష్ భాషలో డబ్ల్యు అచ్చుగా పనిచేస్తుంది. సి-డబ్ల్యు-ఎమ్ అంటే హిమానీనదం చెక్కిన గిన్నె లాంటి లోయ, పలకడం 'కూమ్'. నేపాల్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కేవారు దాటే వెస్టర్న్ కూమ్‌కు ఆ పేరు పెట్టింది 1921 యాత్రలో జార్జ్ మాలొరీ. సి-ఆర్-డబ్ల్యు-టి-హెచ్ ఆ దేశపు పాతకాలపు తీగ వాయిద్యం. అచ్చులు మరీ ఎక్కువైతే ఎ-ఎ-ఎల్-ఐ-ఐ అనే హవాయి మొక్క ఉంది. అదే జాతి మొక్క దక్కన్ గుట్టల మీదా పెరుగుతుంది.

నేర్చుకునే పద్ధతికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. అక్షర క్రమంలో బట్టీ పట్టడం మాత్రం వద్దు. పట్టికను పై నుంచి కిందికి చదివిన వారికి ఎ, బి మాటలు బాగా వచ్చి, ఎస్ దగ్గరికి వచ్చేసరికి ఓపిక అడుగంటుతుంది. గుంపులుగా నేర్వాలి: ఒక రోజు స్వరాలు, ఒక రోజు గ్రీకు అక్షరాలు, ఒక రోజు వంటిల్లు. ఒక చిన్న నోటుబుక్కులో మాటను పెద్దక్షరాల్లో రాసి, పక్కన తెలుగులో ఒక్క వాక్యం అర్థం రాసుకోవాలి. మర్నాడు తెలుగు వైపు మాత్రమే చూసి మాటను చెప్పగలగాలి. ఆటలో నిజంగా వాడిన మాట పక్కన ఒక చుక్క పెట్టుకుంటే, నెల తర్వాత చుక్కల్లేని మాటలేవో కనబడతాయి. మళ్లీ చూడాల్సినవి అవే.

ఇంట్లో ఆడేటప్పుడు రెండు ఒప్పందాలు ముందే చేసుకోవడం మంచిది. ఏ పదపట్టికను ప్రామాణికంగా తీసుకుంటారన్నది మొదటిది. ఫోన్ ఆటల్లో కొన్నిటికి సొంత పట్టికలు ఉంటాయి, ఒకదానిలో చెల్లింది మరొకదానిలో చెల్లదు, ఇంట్లో గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. రెండోది పోటీ నియమాల్లో లేదు గానీ నేర్చుకునే ఇంటికి చాలా మేలు చేస్తుంది: వింత మాట పెట్టినవారు దాని అర్థం చెప్పాలి. చెప్పలేకపోతే పాయింట్లు పోవు, కానీ ఆట ఆగి అందరూ కలిసి నిఘంటువు తెరవాలి. పదేళ్ల పిల్ల పెట్టిన మాటకు తాతయ్య అర్థం వెతికే ఇంట్లో ఇద్దరికీ ఆ మాట ఉండిపోతుంది.

నోటుబుక్కులో మొదటి పేజీకి ఏం రాయాలో తోచనివారు రెండు ఎరుపు రంగులతో మొదలుపెట్టవచ్చు. ఎ-ఎల్ అంటే వేరు నుంచి ఎర్ర రంగు తీసే భారతదేశపు చెట్టు, తెలుగులో తొగరు. ఎ-ఎ-ఎల్ అని రాసినా చెల్లుతుంది. రెండోది అదే కుటుంబానికి చెందిన చిరివేరు. మచిలీపట్నం, పెడన కలంకారీ అద్దకాల్లో పాతకాలపు ఎరుపు ఈ వేరు నుంచే వచ్చేది. డచ్చివారు 1605లో, ఇంగ్లిషువారు 1611లో మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టి ఓడలకెత్తించుకున్నది ఆ రంగు బట్టలనే. ఆ వేరును తమిళులు పిలిచే పేరే ఇంగ్లిషులో సి-హెచ్-ఎ-వై అయింది. సి మూడు, హెచ్ నాలుగు, ఎ ఒకటి, వై నాలుగు కలిపి పన్నెండు పాయింట్లు. పక్క గడి ఖాళీగా ఉంటే చివర ఇంకో ఎ తగిలించవచ్చు, అదీ ఆ వేరు పేరే.